రవళికైతే ఒక్కసారి చాలు

ఇస్నాపూర్,
24 నవంబరు 2024

రవళికి,

నీ వదిన దీవెనలు. నీకంటే నాలుగేళ్ళే పెద్దదాన్ని, దీవించే వయసు కాదు నాది. వరుస అలాంటిది కాబట్టి దీవిస్తున్నాను, కాదనకు.

పోయిన ఆదివారం ఫోనులో నీతో ఒక్క మాటైనా మాట్లాడలేకపోయాను. మీ హాస్టల్లో ఫోను ఇచ్చేదే ఐదు నిమిషాలు. అందులో నాలుగు అత్తమ్మ నీ తిండి గురించి అడగడానికి, ఒకటి మామ దగ్గడానికి. నా చేతికి వచ్చేసరికి నీ వెనక వరుసలో ఎవరో పిల్ల "జల్దీ, జల్దీ" అంటోంది. పైగా అందరూ చుట్టూ నిలబడి వింటుంటే నాకు మాట రాదు. అందుకే ఉత్తరం. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే నవ్వుకో, మీ అన్నకు మాత్రం చెప్పకు.

సంగతేమిటంటే, నేను ఓపెన్ ఇంటర్ కట్టాను. మా మాత్రల కంపెనీలో ఇంటర్ పాసైన ఆడవాళ్ళను ప్యాకింగ్ నుంచి ల్యాబుకు మారుస్తున్నారు. కూర్చుని చేసే పని, పగటి షిఫ్టు. ప్యాకింగ్‌లో పొద్దంతా నిలబడితే ఇంటికొచ్చేసరికి నా కాళ్ళు నావి కావు. అత్తమ్మ "పెండ్లైనంక సదువేంది, ఎవలన్న ఇంటే నవ్వుతరు" అంది. మీ అన్నే ఒప్పించాడు. "చెల్లెను నర్సు సదువు దాక తీస్కపోయింది నేనే గద. దీన్ని గూడ గట్లనే పాస్ చేపిస్త" అన్నాడు.

నీ అరలో నా పుస్తకాలు పెట్టుకున్నాను. నీవి పెట్టెలో సర్ది, వేపాకు వేసి అటక మీద పెట్టాము. కిటికీ పక్కన నువ్వు కూర్చునే చోటే ఇప్పుడు మేమిద్దరం కూర్చుంటున్నాం. షిఫ్టు దిగి, కాళ్ళు కడుక్కుని, మీ అన్న గట్టిగా చదువుతాడు. నేను వింటాను. రెండు పేరాలయ్యేసరికి నా కళ్ళు మూతలు పడతాయి. ఆ గొంతు అలాంటిది కదా, జోల పాడినట్టే ఉంటుంది. మధ్యలో ఆపి అడుగుతాడు. ఒక్క ముక్క చెప్పలేను. అప్పుడు పుస్తకం మూసి అంటాడు: "రవళికైతే ఒక్కసారి చాలు."

నువ్వెలా గుర్తుపెట్టుకునేదానివి? ఆ కిటుకేదో నాకూ చెప్పు రవళీ. పక్క గదుల్లో కిరాయికున్న బీహార్ పిల్లలు పాటలు పెట్టారు, ఇక రాయలేను.

నీ వదిన,
నవనీత


కరీంనగర్,
8 డిసెంబరు 2024

వదినకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఈ హాస్టల్లో అందరికీ పార్సిళ్ళు వస్తాయి. నాకు ఉత్తరం రావడం చూసి, నా గదిలో ఉండే ఆసిఫాబాద్ పిల్ల తూబా పొద్దంతా ఆటపట్టించింది.

నా అర నీకు పనికొచ్చినందుకు సంతోషం. అటక మీద పెట్టేముందు నన్నొక మాట అడిగి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని.

కిటుకు అడిగావు. కిటుకేమీ లేదు. అన్న చదివేవాడు, నేను వినేదాన్ని. మూడో తరగతి నుంచి ఇంటర్ దాకా అంతే. చలికాలంలో ఒకే దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం. తను ఐటీఐతో ఆపేసి కూడా నాకోసం కెమిస్ట్రీ నేర్చుకున్నాడు. అన్న ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ పేరా అయిపోయిందని నాకు తెలిసేది. పరీక్షలో ప్రశ్న చూడగానే అన్న గొంతు మొదలయ్యేది, నేను వింటూ రాసుకుంటూ పోయేదాన్ని.

వినే బుద్ధి ఉంటే వస్తుంది వదినా. నిద్రపోతే ఎవరికీ రాదు. ఎనిమిది గంటలు మిషను ముందు నిలబడి వచ్చిన మనిషి, నిద్రపోయేవాళ్ళ కోసం గొంతు నొప్పి పెట్టుకుంటున్నాడంటే నాకు బాధగా ఉంది. కావాలంటే ఒక పని చెయ్యి. అన్న చదివేది ఫోనులో రికార్డు చేసుకుని కంపెనీ బస్సులో విను. పదిసార్లు వింటే ఎంతటివాళ్ళకైనా వస్తుంది.

ఇక్కడ నా చదువు బాగా సాగుతోంది. సాయంత్రం అందరం హాల్లో కూర్చుని చప్పుడు లేకుండా చదువుకోవాలి. పెదవి కదిలినా వార్డెన్ లేపి నిలబెడుతుంది. ఆ నిశ్శబ్దం నాకెంతో నచ్చింది.

కూరలో ఉప్పుండదని అమ్మకు చెప్పకు.

రవళి


ఇస్నాపూర్,
5 జనవరి 2025

రవళికి,

దీవెనలతోపాటు ఒక దెబ్బ కూడా, పెద్దదాన్ని కదా.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఫోనులో మీ అన్న గొంతు పెట్టుకుని బస్సులో పోయేటప్పుడు, వచ్చేటప్పుడు విన్నాను. పది కాదు, ఇంకా ఎక్కువే. బస్సు నడిపే యాదన్న కూడా "ఏందమ్మా, దశరథ్ ఇంట్ల జెప్పింది సాలక బస్సుల గూడ ఇంటున్నవా" అని నవ్వాడు. తీరా పటాన్‌చెరులో మా ఓపెన్ ఇంటర్ సెంటర్లో పరీక్ష పెడితే బయాలజీలో రాసింది సగం పేజీ. అందులో సగం నేను కల్పించింది.

ఇంటికొచ్చి చెబితే మీ అన్న ఏమన్నాడో నీకు తెలుసు. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. "గట్లయితే పోయి మీ చెల్లెకే జెప్పుకో" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. నిజం రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. నీ పెట్టె అటక మీద ఉంది, నువ్వు కరీంనగర్‌లో ఉన్నావు, అయినా రోజూ సాయంత్రం మా ఇద్దరి మధ్య కూర్చునేది నువ్వే. నీ పేరు వింటే పారిపోవాలనిపించేది.

సెంటర్లో నజీరా టీచర్ అని ఒకామె ఉంది. నా పేపరు చూసి తిట్టలేదు. "కంపెనీల పని ఎట్ల నేర్చుకున్నవ్ బేటా, ఎవలన్న సదివి ఇనిపిచ్చిండ్రా?" అని అడిగింది. లేదు, చేసి నేర్చుకున్నానని చెప్పాను. "మరి గుండె పాఠం గూడ జేసి సూడు" అంది.

చపాతీ పిండితో గుండె చేశాను రవళీ! బొటనవేలితో నొక్కి నాలుగు గదులు చేశాను. మంచి రక్తం పోయే దారికి కుంకుమ, చెడు రక్తానికి బట్టల నీలిమందు. ఆ దారిలో వేలు పెట్టి నడిపిస్తూ పోతే ఎక్కడ తలుపు తెరుచుకుంటుందో, ఎక్కడ మూసుకుంటుందో నా వేలికే తెలిసిపోయింది. పుస్తకం తీసి చూస్తే అంతా తెలిసిన ఊరిలా ఉంది. అత్తమ్మ "పిండితోని ఆటలేంది, రొట్టెలు ఎవలు జేస్తరు" అని కేకలేసింది. మీ అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "గీడికెల్లి యాడికి పోతది?" అని వేలు పెట్టి అడిగాడు. చెప్పాను. ఇంకోచోట పెట్టాడు. అదీ చెప్పాను. నవ్వాడు. పెళ్ళయిన తర్వాత అంతగా నవ్వడం నేను చూడలేదు.

టీచర్ మాత్రం ఇంకో మాట కూడా అంది. "నీ చేతులకు మస్తు తెలివుంది. గట్లని కండ్లు చెవులు మూస్కోకు. ఒక్కదారే పట్టుకుంటే రేపు గా దారి బంద్ అయితే పరేషాన్ అయితవ్" అని. ముందు ఈ ఒక్క దారినైనా కడుపునిండా తిరగనీ అనుకున్నాను.

చేతికి పిండి ఉండగానే రాశాను, మరక చూసి తిట్టకు.

నవనీత


కరీంనగర్,
19 జనవరి 2025

వదినకు,

నమస్కారం. మరక చూశాను.

మొదటి ఇంటర్నల్స్ అయిపోయాయి. అనాటమీలో క్లాసులో నేనే ఫస్టు. ఇక్కడ మాకు నిజమైన ఎముకలు, మనిషంత బొమ్మలు ఉన్నాయి కాబట్టి పిండితో అవసరం పడలేదు. పిండి బొమ్మలు అంగన్‌వాడీ పిల్లలకు చేయిస్తారు. పరీక్ష హాల్లో నీకు పేపరిస్తారు, పిండి ఇవ్వరు. అప్పుడేం చేస్తావో మీ నజీరా టీచర్‌నే అడుగు.

అన్న నవ్వాడని రాశావు. నా పక్కన పదేళ్ళు కూర్చున్నాడు, చదువు దగ్గర ఒక్కసారీ నవ్వలేదు. నా చదువు అన్నకు ఆట కాదు మరి.

నా పేరు వింటే పారిపోవాలనిపిస్తుందన్నావు. పారిపోవలసిన పని లేదు. ఆ ఇంటికి నేనే దూరంగా ఉన్నాను కదా.

రవళి


ఇస్నాపూర్,
2 ఫిబ్రవరి 2025

రవళికి,

పోయిన ఆదివారం ఫోనులో మీ అన్నతో నువ్వు చెప్పిన మాట ఆయన నాకు చెప్పాడు. "వదినకు సదువు రాదన్నా. ఉన్న పని జేస్కోమను. నువ్వు నిద్ర పాడు జేస్కొని పానం కరాబ్ జేస్కోకు." ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పి ఉంటాడు, మీ అన్నాచెల్లెళ్ళకు విన్నది విన్నట్టు గుర్తుంటుంది కదా.

అత్తమ్మకు అంతకంటే ఏం కావాలి. "సదువుకున్న పిల్లనే గట్లంటే ఇంకేంది" అంది. మీ అన్న ఇప్పుడు షిఫ్టు దిగి నేరుగా టీవీ ముందు కూర్చుంటున్నాడు. నేను రెండో షిఫ్టుకు పేరిచ్చాను.

నా పుస్తకాలు అటక మీద పెట్టాను. నీ అర ఖాళీ చేశాను. వచ్చినప్పుడు నీ వస్తువులు నువ్వే సర్దుకో.

నవనీత


కరీంనగర్,
20 ఫిబ్రవరి 2025

వదినా,

ఈ ఉత్తరం అన్న చేతికి పోకూడదని నీ కంపెనీ గేటు చిరునామాకు రాస్తున్నాను. చదవకుండా చింపేస్తావేమో. చింపేముందు ఇది ఒక్కటి చదువు.

నేను ఫస్టు రాలేదు. అనాటమీ పోయింది, ఫిజియాలజీ పోయింది. ఇంటి నుంచి ఎవరైనా వచ్చి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలి, లేకపోతే మళ్ళీ రాసే పరీక్షకు కూర్చోనివ్వరు. మార్చి నాలుగు, మంగళవారం ఆఖరు. బాపు వస్తే ఏడుస్తాడు. అన్న వస్తే నేను బతకలేను. నువ్వు రా వదినా. నిన్ను అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

ఆ హాల్లో ఏం జరుగుతుందో ఎవరికీ చెప్పలేదు. పుస్తకం తెరుస్తాను. కళ్ళు వరుసల మీద పోతూనే ఉంటాయి. పేజీ చివరికి వచ్చాక వెనక్కి చూస్తే ఏమీ ఉండదు. తూబా పక్కన కూర్చుని బొమ్మలు గీసుకుంటుంది, గీసింది గీసినట్టు దానికి వచ్చేస్తుంది. నాకు పెదవులు కదిలితే గానీ లోపలికి పోదు. కదిలితే నిలబెడతారు. మూడుసార్లు నిలబెట్టారు.

నేను తెలివైనదాన్ని అనుకున్నాను వదినా. ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్క పాఠం కూడా నా కళ్ళతో నేను చదవలేదని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. చదివింది అన్న. నేను విన్నాను, అంతే. అలాంటిది, నాకు అందకుండా పోయిన ఆ గొంతు పక్కన నువ్వు కూర్చుని, నిద్రొస్తోందని రాశావు. ఆ ఉత్తరం చదివి అన్నం తినలేదు. ఆ తర్వాత పిండి గుండె. నీకెలా వస్తుందో నీకు తెలిసిపోయింది, నాకు ఉన్నదీ పోయింది. ఫోనులో ఆ మాట నీ మీద ప్రేమతో అనలేదు, అన్న మీద జాలితోనూ అనలేదు. కుళ్ళుతో అన్నాను.

వస్తావా?

రవళి


ఇస్నాపూర్,
9 మార్చి 2025

రవళికి,

నువ్వు బస్టాండులో ఏడుస్తూ ఉండిపోయావు, నేను ఏమీ చెప్పకుండానే బస్సెక్కాను. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక నిజం. నీ మీద జాలితో రాలేదు. జేబీఎస్ బస్టాండులో బస్సు మారి, ఆడవాళ్ళకు ఉట్టిగా ఇచ్చే జీరో టికెట్టు చేతిలో పట్టుకుని కరీంనగర్ దాకా ఒకటే అనుకుంటూ వచ్చాను: ఒక్కసారి చాలు అనిపించుకున్న రవళి తల దించుకుంటే నా కళ్ళతో నేను చూడాలి అని. గేటు దగ్గర నువ్వు నిజంగానే తల దించుకుని నిలబడి ఉన్నావు. చిక్కిపోయి, జడ కూడా సరిగా వేసుకోకుండా. ఎంత వెతికినా నాకు సంబరం దొరకలేదు.

నిన్ను బయటికి పంపాక ప్రిన్సిపాల్ మాట్లాడలేదు, మీ వార్డెన్ కనకమహాలక్ష్మి మేడమే మాట్లాడింది. "ఈ పిల్ల వార్డులో డాక్టరు చెప్పింది ఒక్కసారి విని అంతా అప్పజెబుతుంది. పేపరు మీద మాత్రం సున్నా. చదవడానికి బద్ధకం" అంది. నాకు ఎక్కడినుంచి ధైర్యం వచ్చిందో తెలియదు. "బద్ధకం గాదు మేడం. దానికి సదువు చెవులకెల్లి పోతది. మీరు నోరు మూపిస్తున్రు, గట్ల జేస్తే దాని చెవులు మూసినట్లే" అన్నాను. ఆమె నా మొహం చూసి, "మీరేం చదివారు?" అంది. పదో తరగతి అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. హాల్లో మిగతావాళ్ళకు ఇబ్బంది కాబట్టి కుదరదు గానీ, వెనక బట్టలుతికే బండల దగ్గర నువ్వు ఎంత గట్టిగా చదువుకున్నా ఏమీ అననంది. ఏప్రిల్లో మళ్ళీ పరీక్ష. అన్న గొంతు లేదని ఏడవకు. నీకూ ఒక గొంతు ఉంది, ఫోనులో నా గురించి చెప్పినప్పుడు బాగానే పలికింది.

ఇక ఇక్కడి సంగతి. ఆ రోజు రెండు షిఫ్టులు కలిపి చేస్తున్నానని ఇంట్లో చెప్పి నీ దగ్గరికి వచ్చాను. మర్నాడు యాదన్న మీ అన్నతో "నిన్న మీ ఇంటామె బస్సెక్కలే, పానం బాలేదా?" అన్నాడట. మీ అన్న వచ్చి "యాడికి పోయినవ్?" అని అడిగాడు. "పనుండె" అన్నాను. "ఏం పని?" అన్నాడు. నేను పొయ్యి దగ్గరికి పోయాను. ఎవరికీ చెప్పనని నీకు మాటిచ్చాను కదా. అప్పటినుంచి ఆయన వేరే గదిలో పడుకుంటున్నాడు. కంపెనీలో నా పక్కన పనిచేసే మగవాళ్ళు ఎవరెవరని అడిగాడు. అత్తమ్మ వినేటట్టే "సదువు సదువని బయట తిరుగుడు మరిగింది" అంటోంది. నా పెట్టె కూడా వెతికారు.

నేనైతే చెప్పను. ఎన్నాళ్ళు ఓర్చుకోగలనో మాత్రం తెలియదు. మా అమ్మ ఫోను చేస్తే బాగున్నానని చెప్పాను.

నవనీత


కరీంనగర్,
16 మార్చి 2025

వదినా,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. ఆదివారం ఎప్పుడవుతుందా అని కూర్చున్నాను. ఈ పాటికి నీకు తెలిసే ఉంటుంది, అయినా నా నోటితో నేను ఏం చెప్పానో నీకు తెలియాలి.

వరుసలో నా వెనక ఇరవై మంది ఉన్నారు. అమ్మ ఎత్తింది. అన్నకు ఇవ్వమన్నాను. "అన్నా, వదిన ఆ మంగళారం నా దగ్గరికి వచ్చింది. నేను ఫెయిలైన. నేనే చెప్పద్దన్న" అన్నాను. వెనక పిల్లల మాటలన్నీ ఆగిపోయాయి. అన్న "నాకెందుకు చెప్పలే?" అన్నాడు. "నువ్వు రవళికి ఒక్కసారి చాలంటవ్ గదన్నా. ఒక్కసారి చాలలేదని రవళి ఎట్ల చెప్తది?" అన్నాను. వదినకు చదువు రాదని నేనన్నది అబద్ధమని, కుళ్ళుతో అన్నానని కూడా చెప్పాను. వెనకనుంచి ఎవరూ జల్దీ అనలేదు.

బండల దగ్గర చదువుతున్నాను. మొదటి రోజు నా గొంతు నాకే పరాయిగా ఉంది. అన్నలాగా చదవబోయాను, అన్న ఆగేచోట ఆగబోయాను. ఊపిరి అందలేదు. అన్నది పెద్ద ఛాతీ కదా. రెండో వారానికి నేను ఆగేచోట నేను ఆగడం వచ్చింది. ఇప్పుడు మూత్రపిండాల పాఠం నా గొంతుతోనే గుర్తుంది. తూబా కూడా వచ్చి బండ మీద కూర్చుని, నేను చదువుతుంటే బొమ్మలు వేసుకుంటుంది. నేను చదివింది తను గీస్తుంది, గీసింది చూసి నన్ను అడుగుతుంది.

ఇంకొకటి. వంటామెను బతిమాలి చపాతీ పిండి తెచ్చుకుని నీలాగే గుండె చేసి చూశాను. ఎంత నొక్కినా పిండి పిండిలాగే ఉంది. ఆ రోజు నీ మీద ఎంత కుళ్ళు వచ్చిందో చెప్పలేను. క్షమించమని రాద్దామని కూర్చుని ఇది రాస్తున్నాను చూడు.

క్షమించు.

నీ రవళి


ఇస్నాపూర్,
8 జూన్ 2025

రవళికి,

ఈసారి దీవెనలు నిజంగానే. రెండు పేపర్లూ పాసయ్యావని విని మామ వెలిమెల అపార్ట్‌మెంట్లో, తను కాపలా ఉండే గేటు దగ్గర, వచ్చేపోయే అందరికీ చెప్పుకున్నాడట, మా బిడ్డ డాక్టరైందని. సరిచెయ్యలేదు నేను.

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టకు. ఆ ఆదివారం నువ్వు ఫోను పెట్టేశాక మీ అన్న అరుగు మీద కూర్చుండిపోయాడు. నేను పలకరించలేదు. ఎందుకు పలకరిస్తాను? నా పెట్టె వెతికిన మనిషి. సాయంత్రం దాకా అలాగే ఉండి, లోపలికొచ్చి అటకెక్కి నా పుస్తకాలు దించాడు. దుమ్ము తుడిచాడు. "నీకు ఎట్ల సమజైతదో నాకు తెల్వది నవనీతా. నువ్వే జెప్పు, గట్లనే జేద్దాం" అన్నాడు. "ముందు గా మగోళ్ళ పేర్లు అడిగినవ్ సూడు, దాని సంగతి జెప్పు" అన్నాను. తల దించుకున్నాడు. తప్పయిందన్నాడు. వెంటనే మాట కలపలేదు నేను, వారం పట్టింది. ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది, గుర్తొచ్చినరోజు కూరలో కారం ఎక్కువ పడుతుంది.

కెమిస్ట్రీ అంతా శనగలు, బఠానీలతో చేశాను. ఒక్కో అణువుకు ఒక్కో గింజ. మీ అన్న కుదిర్చేవాడు, నేను విడదీసేదాన్ని. అత్తమ్మ మొదట గొణిగింది, తర్వాత పుచ్చిపోయిన గింజలు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. "మంచియి ముట్టకు, గివి తీస్కో" అంటుంది.

పరీక్ష హాల్లో పిండి ఇవ్వరని నువ్వు రాశావు కదా, ఆ మాటే పట్టుకుని భయపడుతూ పోయాను. పేపరిచ్చాక బెంచీ కింద వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఇన్విజిలేటర్ రెండుసార్లు వచ్చి చేతులు చూపించమన్నాడు. ఖాళీ చేతులు చూపించాను.

బయాలజీలో డెబ్బై తొమ్మిది. తెలుగు, కెమిస్ట్రీ, హోమ్ సైన్స్ అన్నీ పాస్. ఇంగ్లీషు పోయింది రవళీ. ఏం చేసినా రావడం లేదు. దాన్ని పిసకలేను, ఏరలేను. ఇంగ్లీషు మళ్ళీ రాసేందుకు ల్యాబువాళ్ళు అక్టోబరు దాకా ఆగుతామన్నారు. నజీరా టీచర్ దారి బంద్ అవుతుందని ముందే చెప్పింది, నేనే వినలేదు. నువ్వేమైనా చెప్పగలవా?

నవనీత


కరీంనగర్,
22 జూన్ 2025

వదినా,

డెబ్బై తొమ్మిదా! నాకు ఇంటర్లో బయాలజీలో వచ్చింది ఎంతో అన్నను అడగకు. అడిగినా తను చెప్పడులే. ఉత్తరం చదివి సంతోషించాను, ఆ తర్వాత పోయి బండల దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నాను. తూబా అడిగితే తలనొప్పి అన్నాను.

ఇంగ్లీషు చేతులతో రాదు వదినా. దానికి చెవి కావాలి. ఇంకో దారి లేదు. అన్నను గట్టిగా చదవమను. ఊరికే కూర్చుని వినకు, నిద్రపోతావు. రొట్టెలు చేస్తూ విను, బట్టలు ఉతుకుతూ విను. చేతులు పనిలో ఉంటే నీ చెవులు తెరుచుకుంటాయేమో చూడు. తను ఒక వాక్యం చదివితే నువ్వు తిరిగి అనాలి, తప్పయినా సరే. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ గొంతు పక్కన కూర్చోమని నేనే నీకు చెప్పవలసి వస్తుందనుకోలేదు. అక్టోబరు దాకా తీసుకో. ఆ తర్వాత సెలవుల్లో నేను వస్తాను, అప్పుడు నా వంతు.

నిన్న వార్డులో ఒక సంగతి జరిగింది. మానకొండూరు వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది, ఆయాసం. ఇన్‌హేలర్ ఇచ్చారు. ఎలా పీల్చాలో సిస్టర్ చెప్పింది. ఆమె తలూపింది, చెయ్యమంటే గొట్టంలోకి ఊదింది. మళ్ళీ చెప్పింది, మళ్ళీ ఊదింది. సిస్టర్‌కు విసుగొచ్చి "ఎన్నిసార్లు చెప్పాలమ్మా" అని, నన్ను చెప్పమని వెళ్ళిపోయింది. నేనూ చెప్పాను, నెమ్మదిగా, విడమరిచి. నాకైతే ఒక్కసారి చాలేది. ఆమె నా మొహం చూసి బిత్తరపోయి "నా బుర్ర పాడుగాను, నాకు రాదు బిడ్డా" అంది. కళ్ళలో నీళ్ళు.

ఇక చెప్పడం మానేశాను. ఖాళీది ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, పైన నా చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి ఊపాం. ఆమె అరచెయ్యి నా ఛాతీ మీద పెట్టుకుని గాలి ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో పట్టి చూడమన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగోసారికి నా చెయ్యి తీసేశాను. ఆమె తనంతట తనే నొక్కింది, పీల్చింది, బిగబట్టింది. పడకల మీద ఉన్నవాళ్ళు కూడా చూస్తున్నారు. గాలి వదిలి ఎంత నవ్విందనుకున్నావు, బోసినోరంతా తెరిచి.

"గింత మంచిగ చెప్పుడు ఎవలు నేర్పిండ్రు బిడ్డా?" అని అడిగింది.

నీ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది వదినా. చెప్పలేదు. "నాకే వచ్చు అవ్వా" అన్నాను.

నీ ఆడబిడ్డ,
రవళి